మిగిలిన కణితి లేదు

ఫార్మలిన్ డబ్బాలోంచి దవడ ముక్కను బయటికి తీసి, కుళాయి కింద కడిగి, ట్రేలో పెట్టుకుంది చిటపట. పదమూడేళ్ళ అమ్మాయి కింది దవడలో కుడివైపు వెనక భాగం అది. రెండు పళ్ళు ఇంకా దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాయి. తెల్లగా, ఒక్క పుచ్చు మచ్చ కూడా లేకుండా.

చిటపట ఆ దంత ఆసుపత్రిలో పెథాలజిస్టు. రోగుల్ని చూసే డాక్టరు కాదు, రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి జబ్బేమిటో చెప్పే డాక్టరు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందని తోటివాళ్ళు ఆమెకు ఆ పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ఎదుటే పిలవసాగారు. "కళ్ళజోడూ అక్కడే, కోపమూ అక్కడే. రెండూ ఉంటేనే నాకు సరిగ్గా కనబడుతుంది" అనేదామె.

ఆ అమ్మాయికి ఆపరేషన్ చేసింది ఆమె భర్తే. అతను అదే ఆసుపత్రిలో దవడ సర్జన్. ఆ రోజు ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఆ పిల్ల గురించే చెప్పాడు. ఇంట్లో వాళ్ళు ఆ అమ్మాయిని వసపిట్ట అంటారట. మత్తు మాస్కు ముఖం మీద పెట్టేదాకా ఆగకుండా మాట్లాడుతూనే ఉందట. నర్సు చెప్పుల రంగు నుంచి సీలింగులో పగులు దాకా దేన్నీ వదల్లేదట.

రిపోర్టు మీద జబ్బు పేరు అమెలోబ్లాస్టోమా అని ఉంది. పంటి మీద పింగాణీలాంటి గట్టి పొర కట్టే కణాలు దారితప్పి పెరిగితే వచ్చే గడ్డ అది. క్యాన్సర్ కాదు. ఒళ్ళంతా పాకదు, ప్రాణం తీయదు. కానీ ఉన్నచోట ఎముకను గుల్ల చేసేస్తుంది. గీకి వదిలేస్తే మళ్ళీ మొలుస్తుంది. అందుకే చుట్టూ ఉన్న మంచి ఎముకతో సహా కోసి తీసేస్తారు.

చిటపట చిన్న రంపంతో ముక్కను చీలికలుగా కోసింది. గుల్ల ఎక్కడుందా అని చూసింది. మొదటి చీలికలో లేదు. రెండోదాంట్లో బయటికి రాకుండా ఆగిపోయిన పన్ను ఒకటి, దాని చుట్టూ మామూలుగా ఉండే పల్చని తిత్తి కనిపించాయి. తిత్తి కాస్త లావెక్కింది, అంతే. దానికి వెనక ఎముకలో చిన్న గిన్నెలాంటి గుంటలో జ్ఞానదంతం మొలక ఉంది. దాని అంచున, అంతకుముందు బయాప్సీకి ముక్క తీసినచోట, మానుతున్న గాటు ఉంది. మిగతా ఎముకంతా రాయిలా గట్టిగా ఉంది.

ఎముక ఆసిడ్‌లో నాని మెత్తబడితే తప్ప స్లయిడ్లు తయారుకావు. ఆగింది. స్లయిడ్లు వచ్చాయి. ఒక్కొక్కటీ అంగుళం అంగుళం చూసింది. గడ్డ లేదు.

అప్పుడు ఆమె అలమర తెరిచి, ఆ పిల్ల మొదటి బయాప్సీ స్లయిడు వెతికి తీసింది. ఏ ముక్కను చూసి ఆ పిల్లకు గడ్డ ఉందని తేల్చారో ఆ ముక్క. దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, నెమ్మదిగా ఫోకస్ తిప్పింది.

పొడుగాటి కణాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి లోపల నక్షత్రాల్లా చేతులు చాపుకున్న కణాలు. అమెలోబ్లాస్టోమాలోనూ ఇలాంటివే ఉంటాయి. అయితే అక్కడ తోపులాట జరిగిన చోటులా ఉంటుంది. ఇక్కడ ఒక్క కణమూ వరస తప్పలేదు. వాటి కింద మెత్తటి గుజ్జు, ఆ గుజ్జుకూ కణాలకూ మధ్య దారప్పోగంత సన్నటి గులాబిరంగు చార. అప్పుడప్పుడే పేరుకుంటున్న పంటి పదార్థం అది. గడ్డలు ఇలా పళ్ళు కట్టవు. ఇది పుట్టబోతున్న జ్ఞానదంతం. బయాప్సీ కత్తి కాస్త లోతుకెళ్ళి ఆ మొలకను గిల్లి తెచ్చింది. ఆ గిల్లిన ముక్కను చూసి దవడ కోసేశారు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. అరికాలి మంట నెత్తికెక్కింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి బల్లనే ఒక్క చరుపు చరిచింది. పెన్నుల డబ్బా కింద పడి, పెన్నులన్నీ నాలుగువైపులా దొర్లాయి. వాటిని ఏరలేదు.

మొదటి రిపోర్టు కింద సంతకం పెద్దాయనది. ఆయన విభాగాధిపతి, ఆమెకు చదువు చెప్పిన గురువు. ఆయన చెయ్యి పట్టుకునే ఆమె మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం నేర్చుకుంది. ఆయనకు ఒక ప్రొటీన్ అంటే ప్రాణం. ఈ గడ్డ కణాల్లోనే ఆ ప్రొటీన్ దండిగా ఉంటుందని, మామూలు కణాల్లో ఉండదని కనిపెట్టానని ఆయన నమ్మకం. దాన్ని పట్టుకునే మందు స్లయిడు మీద వేస్తే, ఆ ప్రొటీన్ ఉన్న కణాలన్నీ గోధుమరంగుకు తిరుగుతాయి. గోధుమరంగు వస్తే గడ్డ, రాకపోతే కాదు. విభాగంలో అందరూ దాన్ని 'పెద్దాయన ప్రొటీన్' అనేవారు. ఆ పిల్ల స్లయిడు నిండా గోధుమరంగే. 'ఇంత చిన్నవయసులో' అని రాసి ఆ బొమ్మను పెద్ద పోస్టరుగా వేయించి, రాబోయే సదస్సు కోసం ఆయన అప్పటికే నడవా గోడకు తగిలించుకున్నాడు.

చిటపట రెండు స్లయిడ్లూ చేతపట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఆ పిల్లకి గడ్డ లేదు. బయాప్సీలో వచ్చింది పన్ను మొలక."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గోధుమరంగు వచ్చిందిగా అమ్మాయ్."

"మొలకలో రాదని ఎవరు చూశారు సార్?"

"ఇన్నేళ్ళుగా..."

"ఇన్నేళ్ళుగా గడ్డలకే వేశాం. పక్కన ఒక మామూలు మొలకను పెట్టి దానికీ వేసి చూశామా? గడ్డ పుట్టేదే పన్ను కట్టే కణాల్లోంచి. వాటి ప్రొటీన్లు వీటిలోనూ ఉంటాయి కదా!"

ఆయన గొంతు తగ్గించి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మాయ్. పెద్ద ముక్కలో ఏమీ లేదంటే ఏమిటర్థం? ఉన్న కాస్తా బయాప్సీలోనే వచ్చేసిందని. అలా జరుగుతుంటుంది. 'మిగిలిన కణితి లేదు' అని రాసెయ్. అందులో అబద్ధం ఏముంది?"

"మిగలాలంటే ముందు ఉండాలి కదా సార్."

"గొంతు తగ్గించు."

"నేనింకా పెంచలేదు సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. "నోటిమాటలు నాకొద్దు. నిరూపించు" అన్నాడు.

ఆ మాటతో ఆమె పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చింది. నిరూపించడం ఎలాగో ఆమెకు తెలుసు. కుర్రవాళ్ళకు జ్ఞానదంతాలు తీసినప్పుడు వాటితోపాటు ఊడివచ్చే మొలకల ముక్కలు, తిత్తి ముక్కలు స్టోరులో మైనపు దిమ్మల్లో బోలెడు పడి ఉన్నాయి. ఎవరికీ అక్కర్లేనివి. ఏ జబ్బూ లేనివి. వాటిని తీసి, పల్చగా కోయించి, పెద్దాయన ప్రొటీన్ కోసం వాడే మందే అన్నిటికీ వేయించింది. టెక్నీషియన్ "ఇవన్నీ దేనికి మేడమ్?" అని అడిగితే "నా కడుపుమంట చల్లారడానికి" అంది.

చల్లారలేదు. ట్రేలో ఆరబెట్టిన స్లయిడ్లను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మైక్రోస్కోప్ కూడా అక్కర్లేకపోయింది. మంచి మొలకలన్నీ గోధుమరంగుకు తిరిగాయి. కొన్ని ఆ పిల్ల స్లయిడు కంటే ముదురుగా.

వాటిని తెచ్చి పెద్దాయన బల్ల మీద పెట్టింది. ఆయన ఒక్కటి కూడా చేతిలోకి తీసుకోలేదు.

"నువ్విది బయటపెడితే ఆ పిల్ల దవడ తిరిగొస్తుందా?" అన్నాడు.

"రాదు."

"మరి? ఆ తల్లి ఇప్పుడు గడ్డ పోయిందని నిశ్చింతగా ఉంది. నువ్వెళ్ళి ఆ నిశ్చింత లాక్కుంటావా? ఇంకో సంగతి. సంతకం నాదే కావచ్చు, కోసింది మాత్రం నీ మొగుడు. అది మర్చిపోకు."

చిటపట స్లయిడ్లు తీసుకుని బయటికి నడిచింది. కోపం లేక కాదు. మాట పెగిలితే ఏం అంటుందో ఆమెకే భయమేసి.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భర్త సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా నిలబడి, జరిగిందంతా ఏకబిగిన చెప్పింది. అతని చేతుల్లో చొక్కా అలాగే ఉండిపోయింది.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పు" అంది. "ఎక్స్‌రేలో నీకేం కనిపించింది?"

"ఆగిపోయిన పన్ను. దాని చుట్టూ నల్లటి నీడ."

"గడ్డ అనిపించిందా?"

అతను చొక్కా మడత విప్పి మళ్ళీ పెట్టాడు. "అనిపించలేదు. తిత్తి కాస్త లావైందనుకున్నాను. చిగురు తెరిచి దారిస్తే పన్ను దానంతటదే వచ్చేస్తుందనుకున్నాను. ఇంతలో రిపోర్టొచ్చింది. పెద్దాయన సంతకం చూశాక కాదనడానికి నేనెవర్ని?"

"నా గది నీ గది కిందే కదా! మెట్లు దిగొచ్చి, 'ఇదొకసారి చూడవే' అని ఒక్క మాట అడగలేకపోయావా?"

"అడగాలనే అనుకున్నాను." అతను తలెత్తలేదు. "నువ్వు ఆయన శిష్యురాలివి. ఆయన్ని అనుమానిస్తావా అని నా మీద విరుచుకుపడతావనిపించింది. పొద్దున్నే గొడవెందుకులే అని..."

ఆ మాట ఆమెకు పంటి కింద రాయిలా తగిలింది. నిజమే, విరుచుకుపడి ఉండేది. అయినా అంతకు రెట్టింపు మంటతో మాట అందుకుంది.

"పడేదాన్నే! పడితే ఏమైపోయేవాడివి? నాలుగు తిట్లు తిని, ఒక పూట ముఖం ముడుచుకుని తిరిగేవాడివి. నాలుగు తిట్లకు భయపడి పిల్ల దవడ కోసేశావు నువ్వు!"

"నాకు తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"నాకు తెలుసన్నానా!" అతను మొదటిసారి అరిచాడు. మడతపెట్టిన బట్టలన్నీ ఒక్క విసురున నేలమీదికి తోసేశాడు. "ప్రతివారం ఆ పిల్ల నోరు తెరిచి చూసేది నేను. పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ ఎముకతోపాటే పోయింది. తాగిన నీళ్ళు గడ్డం మీద కారుతున్నా ఆ పిల్లకి తెలీదు. వాళ్ళమ్మ తుడుస్తుంది. తుడుస్తూ నాకు థాంక్స్ చెబుతుంది. థాంక్స్!"

కింద పడ్డ బట్టల్ని ఎవరూ తీయలేదు. తర్వాత అతనే అన్నాడు. "ఎప్పుడు చెబుదాం?"

"ఈసారి వాళ్ళు వచ్చినప్పుడు. నేనూ వస్తాను."

"చెప్పాల్సింది నేను. కోసింది నేను."

"చెప్పు. నువ్వు నీళ్ళు నమిలితే మాత్రం నేను అందుకుంటాను."

అతను నీళ్ళు నమిలాడు. వాళ్ళొచ్చిన రోజు, సర్జన్ గది తలుపు వేసి, తల్లీ కూతుళ్ళకు కుర్చీలు చూపించి, "అమ్మా, ఒక సంగతి..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. తల్లి బస్సు డ్రైవరు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, యూనిఫాంలోనే ఉంది. వసపిట్ట ఆమె పక్కన కూర్చుని, చేతిగుడ్డతో గడ్డం ఒత్తుకుంటోంది. కుడి చెంప లోపలికి లాక్కుపోయి, ముఖం ఒకవైపు పిల్లదిలాను, ఒకవైపు ముసలిదిలాను ఉంది. చిటపట దవడ ముక్కను చూసింది గానీ ఆ పిల్లను చూడటం అదే మొదటిసారి.

"గడ్డ మళ్ళీ వచ్చిందాండీ?" అంది తల్లి.

"లేదు" అంది చిటపట. "నేను ముక్కల్ని పరీక్ష చేసే డాక్టర్ని. మీ అమ్మాయి దవడంతా చూశాను. అందులో గడ్డ లేదు."

"హమ్మయ్య!" ఆమె గుండెల మీద చెయ్యేసుకుంది. "అంటే మొత్తం పోయింది. చంపేశారండీ, ఏమిటో అనుకున్నాను. విన్నావుటే, మొత్తం పోయిందట!"

చిటపట తల అడ్డంగా ఊపింది. "పోవడం కాదమ్మా. అసలు లేనేలేదు. మొదట పరీక్ష చేసినప్పుడు మావాళ్ళు పొరపాటు పడ్డారు. లోపల పెరుగుతున్న పన్ను మొలకను చూసి గడ్డ అనుకున్నారు. మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదు. దవడ తీయాల్సిన పనే లేదు."

తల్లి ముఖం మీది నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది. ఆమె సర్జన్ వైపు తిరిగింది. "డాక్టరుగారూ, ఈవిడ ఏమంటున్నారు?"

"నిజమే చెబుతోందమ్మా" అన్నాడతను. "నాకు ఎక్స్‌రే చూసినప్పుడు అనుమానం వచ్చింది. వచ్చినా అడగలేదు. రిపోర్టు నమ్మి కోసేశాను. తప్పు నాది కూడా."

"అయితే ఏం చేస్తే సరిపోయేది?"

చిటపట చెప్పింది. "చిగురు కాస్త తెరిస్తే సరిపోయేది."

తల్లి లేచి నిలబడింది. ఆమె కొడుతుందేమో అనుకుంది చిటపట. కొడితే బాగుండుననీ అనుకుంది. ఆమె కొట్టలేదు. గది ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి, గోడకు నుదురు ఆనించి నిలబడింది. ఆ గోడతోనే మాట్లాడినట్టు, "నేను సంతకం పెట్టాను" అంది. "కోయండి అని నేనే సంతకం పెట్టాను. అది వద్దని ఏడ్చింది. నేనే నోర్ముయ్యమన్నాను. నీ మంచికేనే, నోర్ముయ్యి అన్నాను."

అప్పుడు వసపిట్ట మాట్లాడింది. ఏమందో మొదట అర్థం కాలేదు. ప, బ, మ అనాల్సి వచ్చినప్పుడల్లా కింది పెదవి అందక గాలి పోతోంది. గుడ్డ పక్కన పెట్టి, వేలితో పెదవిని పైకి నొక్కిపట్టుకుని మళ్ళీ అంది.

"అది పన్నేనా?"

"అవునమ్మా" అంది చిటపట. "లోపల రెండున్నాయి. ఒకటి బయటికి రావాల్సింది, ఇంకోటి జ్ఞానదంతం."

"నా పళ్ళు. మంచివి."

"మంచివే."

"మా క్లాసులో నేను వాగుతుంటే టీచరు వెనక బెంచీకి పంపేది. ఇప్పుడు ముందు బెంచీలో కూర్చోబెట్టింది. ఎందుకో తెలుసా? ఎలాగూ నా వాగుడు ఎవరికీ అర్థం కాదని. నేను మాట్లాడితే పిల్లలు తల ఊపేసి వెళ్ళిపోతున్నారు." మధ్య మధ్యలో ఉమ్ము కారుతోంది. తుడుచుకోలేదు. "గడ్డ పోయిందిలే, ఫరవాలేదులే అనుకున్నా. గడ్డే లేదంటున్నారు. మరి ఫరవాలేదు ఎలా అనుకోవాలి? చెప్పండి!"

ఆ చివరి మాట అరుపు. నడవాలో వెళుతున్నవాళ్ళు ఆగి తలుపు వైపు చూశారు.

వారం తిరక్కుండానే తల్లి ఫిర్యాదు ఇచ్చింది. ఎలా రాయాలో చిటపట దగ్గర ఉండి చెప్పింది. ఆసుపత్రి పెద్దలు సమావేశం పెట్టారు. నున్నటి పొడుగు బల్ల, గాజు గ్లాసుల్లో నీళ్ళు, అందరి ముందూ తెల్ల కాగితాలు. అధ్యక్షుడు మృదువుగా మాట్లాడే మనిషి. "ఇలాంటి కేసుల్లో నిపుణుల మధ్య అభిప్రాయభేదాలు సహజం" అని మొదలుపెట్టాడు.

"అభిప్రాయభేదమా?" చిటపట లేచింది. "కాఫీలో చక్కెర ఎంత అన్నదాని మీద అభిప్రాయభేదం ఉంటుంది. పిల్ల ముఖంలో దవడ ఉండాలా వద్దా అన్నదాని మీద కూడానా?"

"మేడమ్, కాస్త శాంతించండి."

"శాంతిస్తాను. దానికి ముందు సార్ ఒక్క పని చేయాలి." ఆమె మైక్రోస్కోప్‌ను అప్పటికే తెప్పించి, గోడ మీద తెరకు కలిపి ఉంచింది. దాని పక్కన స్లయిడ్ల ట్రే పెట్టింది. పేర్లు కనబడకుండా అన్నిటికీ కాగితం అంటించి ఉంది. అన్నిటికీ పెద్దాయన ప్రొటీన్ మందే వేసి ఉంది. "సార్, ఇందులో ఒకటి ఆ పిల్లది. మిగతావి ఏ జబ్బూ లేనివాళ్ళ మొలకలు. రంగు చూసి, గడ్డ ఏదో చెప్పండి. మీరు సరిగ్గా చెబితే నేను రాజీనామా ఇచ్చి పోతాను."

వద్దని అంటాడేమో అని అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన లేచాడు. మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం ఆయనకు ఊపిరి పీల్చుకోవడంతో సమానం, అక్కడికి పిలిస్తే ఆయన రాకుండా ఉండలేడు. మొదటి స్లయిడు పెట్టాడు. తెర మీద గోధుమరంగు పరుచుకుంది. రెండోది. మళ్ళీ గోధుమరంగే. మూడోది పెట్టి, మొదటిదాన్ని తీసి మళ్ళీ చూశాడు. ఆయన వేళ్ళు ఫోకస్ తిప్పుతూ తిప్పుతూ నెమ్మదించాయి.

చివరికి ఆయన కళ్ళు మైక్రోస్కోప్‌కే ఆనించి ఉంచి అన్నాడు. "చెప్పలేను."

"సరిగ్గా వినబడలేదు సార్" అన్నాడు అధ్యక్షుడు.

"చెప్పలేనన్నాను. అన్నీ ఒకటే. అన్నీ మొలకలే." ఆయన తల పక్కకు తిప్పి చిటపటను చూశాడు. "ఆ పిల్లదీ మొలకే. రంగు వేయకముందు స్లయిడు సరిగ్గా చూసి ఉంటే తెలిసేది. నేను రంగు కోసమే చూశాను."

ఆయన ఆ మాట అంటే తన కోపం దిగిపోతుందని ఇన్నాళ్ళూ అనుకుంది చిటపట. దిగలేదు. ఆ ముసలి చేతులు స్లయిడ్లను ఒక్కొక్కటే ట్రేలో సర్దుతుంటే జాలి కలిగింది. జాలి కిందే కోపం అలాగే ఉంది, ఒక్క రవ్వ కూడా తగ్గకుండా. చదువు చెప్పిన మొదటి రోజు ఆయనే అన్నాడు, ముందు కణాలు ఎలా నిలబడ్డాయో చూడమ్మాయ్ అని. ఆమె నేర్చుకుంది. ఆయన మర్చిపోయాడు. దానికి ఆమె ఆయన్ను క్షమించలేకపోయింది.

ఆయన రిపోర్టు సరిచేసి సంతకం పెట్టాడు. నడవాలో పోస్టరు తీసేశారు, సదస్సుకు ఆయన వెళ్ళలేదు. ఆ మందును విభాగంలో వాడటం ఆపేశారు. పాత కేసులన్నీ తిరిగి చూడాలని తేల్చారు. "నేనూ కూర్చుంటానమ్మాయ్, ఇద్దరం చూద్దాం" అని పెద్దాయన వచ్చి అడిగితే, "మీరొద్దు సార్" అంది చిటపట. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పదవీకాలం ముగియకముందే తప్పుకున్నాడు. వీడ్కోలు సభ జరిగింది. ఆమె వెళ్ళలేదు.

పాత స్లయిడ్లలో చాలావరకు నిజమైన గడ్డలే. కానీ అన్నీ కాదు. నడివయసు మనిషి ఒకతనికి పన్ను చుట్టూ ఉన్న ఉత్త తిత్తిని గడ్డ అని దవడ కోసేశారు. అతన్ని పిలిపించి ఆ మాట చెప్పినప్పుడు, "పోనీలెండి డాక్టరుగారూ, ఇన్నేళ్ళయింది, అలవాటైపోయింది" అన్నాడు. వసపిట్ట అరుపు కంటే ఆ శాంతమే ఆమెను ఎక్కువ మండించింది. "పోనీ అనకండి! ఫిర్యాదు పెట్టండి!" అని అతని మీదే అరిచింది. తర్వాత క్షమించమంది. అతను ఫిర్యాదు పెట్టలేదు.

ఇంట్లో కొన్నాళ్ళు భార్యాభర్తలిద్దరూ ముక్తసరి మాటలతో సరిపెట్టుకున్నారు. తర్వాత సర్జన్ తన ప్రతి కేసు స్లయిడూ చూడటానికి మెట్లు దిగి రావడం మొదలుపెట్టాడు. "ఇది నిజంగా గడ్డేనా?" అని అడిగేవాడు. పని మధ్యలో అడిగితే ఆమె విసుక్కునేది, కసురుకునేది. అతను కసుర్లు తింటూ, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడేవాడు.

వసపిట్టకు కాలి ఎముకలోంచి ముక్క తీసి దవడలో అమర్చే ఆపరేషన్ జరిగింది. అది వేరే ఆసుపత్రిలో, వేరే సర్జన్ చేశాడు. "ఈయన చెయ్యి నా నోట్లో పెట్టనివ్వను" అని పిల్ల మొండికేసింది, తల్లి ఆ మాటే ఖాయం చేసింది. ఖర్చంతా ఈ ఆసుపత్రే భరించేలా తల్లే పోట్లాడి సాధించింది. చెంప కొంత నిండింది. పెదవి స్పర్శ మాత్రం రాలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఏదో కాగితం కోసం తల్లీ కూతుళ్ళు వచ్చారు. నడవాలో సర్జన్, చిటపట ఎదురయ్యారు. తల్లి ముఖం తిప్పేసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది. వసపిట్ట వెళ్ళలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని సర్జన్ ఎదుట నిలబడి, కొత్త ఆసుపత్రి గురించో, అక్కడి నర్సు గురించో, బడి గురించో గబగబా ఏదో చెప్పింది. సగం మాటలు గాలిలో కలిసిపోయాయి.

అతను నవ్వి, తలూపాడు. "అలాగేనమ్మా, మంచిది."

"అర్థం కాలేదు మీకు" అంది పిల్ల.

"అయింది, అయింది."

"ఏమన్నాను? చెప్పండి."

అతను నోరు తెరిచాడు, ఏమీ చెప్పలేకపోయాడు. చిటపట సాయానికి రాలేదు. ఆమెకూ అర్థం కాలేదు.

"అర్థం కాకపోతే కాలేదని చెప్పాలి" అంది వసపిట్ట, కళ్ళు మండుతుండగా. "తలూపకూడదు. మీరైతే అస్సలు ఊపకూడదు. మళ్ళీ చెబుతా, వినండి."

సర్జన్ చేతిలోని ఫైలు కిటికీ అంచు మీద పెట్టి, ఆ పిల్ల ముఖం తన ముఖానికి ఎదురుగా వచ్చేలా కాస్త వంగి నిలబడ్డాడు. వసపిట్ట మొదటి నుంచి మొదలుపెట్టింది. రెండో మాట దగ్గరే అతను "ఆగు, ఇది అర్థం కాలేదు" అన్నాడు. ఆమె విసుగ్గా కాలు నేలకేసి కొట్టి, ఆ మాట మళ్ళీ చెప్పింది.